పాఠం తెగిన చోటే అల్లరి: దిగువ కృష్ణా డెల్టా ప్రాథమిక బడులు

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల ప్రాథమిక బడుల గురించి ఎవరిని కదిపినా రెండు ఫిర్యాదులు వినిపిస్తాయి. తల్లిదండ్రులది ఒకటి: పిల్లవాడు నాలుగో తరగతికి వచ్చాడు, పేపర్లో హెడ్డింగు కూడా కూడబలుక్కోలేడు. టీచర్లది ఇంకొకటి: పిల్లలు కుదురుగా కూర్చోరు, మాట వినరు, కొట్టకూడదంటారు, తిట్టకూడదంటారు, ఇక ఎలా చెప్పాలి? మొదటిదానికి బోధన సమస్య అనీ, రెండోదానికి క్రమశిక్షణ సమస్య అనీ పేరు పెట్టి, ఒకదానికి శిక్షణ తరగతులూ ఇంకోదానికి కౌన్సెలింగూ చాలనుకుంటున్నాం. ఈ రెండు ఫిర్యాదులూ ఒకే చోట పుడుతున్నాయని నేను గట్టిగా నమ్ముతున్నాను. టీచరు నేరుగా చెప్పే పాఠం పిల్లవాడికి రోజుకు ఎన్ని నిమిషాలు దక్కుతోంది, అది ఎన్నిసార్లు తెగుతోంది? ఇది అడగకుండా బోధన గురించి మాట్లాడినా, నడవడిక గురించి మాట్లాడినా ఫలితం లేదు.

ఈ వ్యాసం పరిధి ముందే చెబుతాను. బందరంటే మచిలీపట్నంతో పాటు గిలకలదిండి, మంగినపూడి వైపు మత్స్యకార పల్లెలు కూడా. గుడివాడంటే కాలువల కింద వరి పండే ఊళ్లు, పట్నంలో వరసగా కాన్వెంట్లు. దివిసీమంటే అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి, ఘంటసాల, కోడూరు, నాగాయలంక, వాటికి దిగువన కృష్ణ పాయల మధ్య దీవులు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఈ మూడూ కృష్ణా జిల్లాలోనే మిగిలాయి. జిల్లా కేంద్రం బందరే. ప్రాథమిక టీచర్లను తయారుచేసే డైట్ గుడివాడకు దగ్గర్లో అంగలూరులో ఉంది. సమస్య ఎంత దగ్గరిదో, దాన్ని పట్టించుకోవలసిన సంస్థలూ అంత దగ్గరివే.

చదువు ఈ నేలకు కొత్త కాదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లో ఎన్ని బడులున్నాయో లెక్క తీయమన్నప్పుడు మచిలీపట్నం జిల్లా నుంచి వెళ్లిన లెక్కలో 484 బడులున్నాయి. అవి వీధిబడులు. పంతులు ఒక్కడే. ఇసుకలో అక్షరాలు దిద్దేవాడొకడు, తాటాకు మీద గంటంతో రాసేవాడొకడు, ఎక్కాలు వల్లె వేసేవాడొకడు. ఎవరి పాఠం వాళ్లది. ఇవాళ్టి అర్థంలో తరగతులు లేవు. ముందున్నవాడు వెనకున్నవాడికి చెప్పడం ఆ బడి నడిచే తీరులోనే ఉండేది. మద్రాసులో పనిచేసిన ఆండ్రూ బెల్ ఇలాంటి పద్ధతినే చూసి 18వ శతాబ్ది చివర ఇంగ్లండుకు మోసుకెళ్లాడు. ఆ బడులను ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. ఆడపిల్లలు వేళ్ల మీద లెక్కించదగినంతమంది, దళితుల పిల్లలకు గడప దాటే వీలు దాదాపు లేదు. బడిలో నిశ్శబ్దాన్ని నిలబెట్టింది కోదండం, గోడకుర్చీ, తొడపాశం లాంటి శిక్షలే. అయినా ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఒకే పంతులు అనేక స్థాయిల పిల్లలకు చెప్పడమనే సమస్యకు వాళ్ల దగ్గర ఒక జవాబు ఉండేది. ఆ జవాబు మన దగ్గర లేదు.

తరగతి గది, గంట, హాజరు పట్టీ మిషనరీలతో, ఆ తర్వాత సర్కారుతో వచ్చాయి. రాబర్ట్ నోబుల్ 1843లో బందరులో బడి తెరిచాడు. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం పుచ్చుకోగానే ఆ బడి దాదాపు ఖాళీ అయిపోయింది. నమ్మకం పోయిన రోజున పిల్లల్ని తీసుకుపోవడం ఇక్కడి తల్లిదండ్రులకు నిన్నమొన్న అబ్బిన అలవాటు కాదు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య ప్రభృతులు ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టి, చేతిపనినీ చిత్రకళనూ పుస్తకం పక్కన కూర్చోబెట్టారు. చదువు ఎలా చెప్పాలన్న ప్రశ్నను అంత గట్టిగా వేసుకున్న ఊళ్లు తెలుగునాట ఎక్కువ లేవు. ఆ ప్రశ్న ఒకటో తరగతి దాకా దిగలేదన్నదే నా బాధ.

ఇక లెక్కకు వద్దాం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు. 30 మందికి ఒకరంటే కాగితం మీద ఎంతో ఉదారంగా కనిపిస్తుంది. దిగువ డెల్టాలో ఊరూరా, పేటపేటకూ బడి ఉంది. 40 మందితో నడిచే మండల పరిషత్ బడి ఇక్కడ మామూలు దృశ్యం. ఆ 40 మంది ఐదు తరగతుల పిల్లలు. ప్రార్థన, భోజనం, విరామాలు పోను రోజుకు ఐదు గంటల బోధన సమయం ఉందనుకుందాం. ఇద్దరు టీచర్ల సమయం కలిపితే పది గంటలు. ఐదు తరగతులకు పంచితే తరగతికి రెండు గంటలు. మూడు నుంచి ఐదు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం. అంటే సబ్జెక్టుకు అరగంట. ఒక టీచరు స్కూల్ కాంప్లెక్స్ మీటింగుకో, శిక్షణకో, సెలవు మీదో వెళితే అది పావుగంట. మిగతా మూడు నాలుగు గంటలు పిల్లవాడు చేసే పని ఒకటే: చూసి రాయడం. పుస్తకంలోది పలక మీదకు, బోర్డు మీదది నోట్సులోకి. చదవడం రాని పిల్లవాడికి ఆ రాత గీతలు గీయడంతో సమానం. అక్షరాలు గుండ్రంగా, వరస తప్పకుండా ఉంటాయి. నోట్సు చూసి మురిసిపోయిన తల్లి ఒక వాక్యం చదివి వినిపించమంటే పిల్లవాడు నేల చూపులు చూస్తాడు.

నన్నడిగితే ఈ ప్రాంత ప్రాథమిక విద్య మీద రాసే ఏ నివేదికైనా ఈ లెక్కతో మొదలుకావాలి. దీనికి తోడు యాప్‌లున్నాయి. ముఖ గుర్తింపు హాజరు, పిల్లల హాజరు, భోజనం లెక్క, గుడ్ల లెక్క. కొన్నేళ్లపాటు మరుగుదొడ్ల ఫొటోలు కూడా టీచర్లే అప్‌లోడ్ చేశారు. సిగ్నలు అందక ఫోను పైకెత్తి వరండాలో తిరిగే టీచరు లోపల ఏ తరగతికీ పాఠం చెప్పడం లేదు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షను జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప ఇతర పనులకు టీచర్లను వాడకూడదంటుంది. తుఫాను పొంచి ఉండే ఈ తీరంలో విపత్తు సహాయం అన్న ఆ ఒక్క మినహాయింపే చాలా రోజుల్ని మింగేస్తుంది.

ఇప్పుడు నడవడిక సంగతి చూద్దాం. అమెరికన్ మనస్తత్వవేత్త జేకబ్ కౌనిన్ తరగతి గదుల్ని కెమెరాతో చిత్రీకరించి, పిల్లలు కుదురుగా ఉండే గదులకూ గోలగా ఉండే గదులకూ తేడా ఎక్కడుందో వెతికి 1970లో పుస్తకం రాశాడు. అల్లరి జరిగాక టీచరు ఎలా మందలించారన్న దానిలో తేడా ఉంటుందని అతను ముందు అనుకున్నాడు. అక్కడ చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. గది మొత్తం తన కంట్లో ఉందని పిల్లలకు తెలిసేలా ఉండడం, ఒకేసారి రెండు పనులు చూసుకోగలగడం, పాఠాన్ని ఎక్కడా ఆపకుండా, తడబడకుండా ఒక పని నుంచి ఇంకో పనికి మళ్లించడం, ఇవే తేడా తెచ్చాయి. అంటే క్రమశిక్షణ పాఠం నడిచే తీరులో ఉంది.

ఇది చదివాక మన రెండు గదుల బడిని చూడండి. టీచరు నాలుగు, ఐదు తరగతులకు భిన్నాలు చెబుతున్నారు. అదే గదిలో వెనక మూడో తరగతి. వాళ్లకిచ్చిన రాత పది నిమిషాల్లో అయిపోయింది. ఆ పైన ఏం చేయాలి? పెన్సిలు గుచ్చుకుంటారు, ‘టీచర్, వీడు నన్ను తిట్టాడు’ అని లేస్తారు, మంచినీళ్లంటారు, బయటికంటారు. టీచరు పాఠం ఆపి వెనక్కి తిరుగుతారు. ఈలోపు భిన్నాలు చెదిరిపోయి ముందు వరసలో గుసగుసలు మొదలవుతాయి. ఆ మూడో తరగతి పిల్లల్ని అల్లరి మూక అనడం అన్యాయం. ఎనిమిదేళ్ల పిల్లవాడు పనిలేకుండా గంటసేపు బొమ్మలా కూర్చుంటే అప్పుడు మనం కంగారుపడాలి.

కొట్టడం గురించి సూటిగా మాట్లాడుకోవాలి. 2009 చట్టం 17వ సెక్షను శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. చాలామంది టీచర్లు ఆ నిషేధంతోనే భయం పోయిందనీ, భయంతో పాటు చదువూ పోయిందనీ మనస్ఫూర్తిగా నమ్ముతారు. తల్లిదండ్రుల్లోనూ ‘నాలుగు తగిలించండి మాస్టారూ’ అనేవాళ్లు తక్కువేం కాదు. 2025 మార్చిలో విజయనగరం జిల్లా బొబ్బిలి మండలం పెంట ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడు పిల్లల ఎదుట సాష్టాంగపడి, తనే గుంజీలు తీసిన వీడియో రాష్ట్రమంతా తిరిగింది. పిల్లల చదువు మీద ఆయనకున్న ఆర్తిని నేను గౌరవిస్తాను. అయితే దాన్ని చూసి చప్పట్లు కొట్టి ఊరుకోవడం నాకు నచ్చలేదు. ఒక టీచరు తన పిల్లల ముందు నేల మీద పడుకోవలసి వచ్చిందంటే, బెత్తం పోయిన చోట పెట్టవలసిన పనిముట్లు మనం ఆయన చేతికి ఇవ్వలేదని అర్థం. దెబ్బ నిశ్శబ్దాన్ని తెస్తుంది. చదవడం రాని పిల్లవాడు ఆ నిశ్శబ్దంలోనూ చదవలేడు. పైగా తన్నులు తిన్న మర్నాడు ముందు బడి మానేది వాడే. బందరు తీరపు పల్లెల్లోనైనా, రొయ్యల చెరువుల గట్ల మీద కాపలా కుటుంబాల్లోనైనా బడి మానినవాడికి చేయడానికి ఏదో ఒక పని ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

పనిముట్లున్నాయి. 1969లో కేన్సస్‌లోని ఒక నాలుగో తరగతి గదిలో పిల్లల్ని రెండు జట్లు చేసి, పాఠం మధ్యలో లేవకుండా, అరవకుండా ఉండడాన్ని జట్ల ఆటగా మార్చారు. చోటు వదిలి తిరగడం, అరవడం బాగా తగ్గాయి. తర్వాత బాల్టిమోర్‌లో ఒకటో తరగతి పిల్లల మీద ఇదే ఆటను పెద్ద ఎత్తున పరీక్షించారు. కబడ్డీ కూతలో పెరిగే మన పిల్లలకు జట్టు కోసం ఊపిరి బిగపట్టడం ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇలాంటి చిన్న చిన్న పద్ధతులు, అంటే గంట కొట్టగానే ఏం చేయాలో, రాత అయిపోగానే ఏ పుస్తకం తీయాలో పిల్లలకు మొదటి వారంలోనే అలవాటు చేయడం, మన టీచరు శిక్షణలో పెద్దగా చోటు దక్కించుకోవు. పాఠ్య ప్రణాళిక రాయడం నేర్పుతారు. రెండు తరగతుల్ని ఒకే గదిలో నడపడం అంతగా నేర్పరు.

మన రాష్ట్రం మీద ప్రపంచం చెప్పుకునే అధ్యయనాలున్నాయి. మన బడుల్లోనే వాటి గురించి తెలిసినవాళ్లు తక్కువ. 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె ప్రాథమిక బడుల్లో ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. ఒకదానిలో వంద బడులకు అదనంగా ఒక కాంట్రాక్టు టీచరును ఇచ్చారు. వాళ్లు మన విద్యా వాలంటీర్ల లాంటివాళ్లు, ఆ ఊరివాళ్లు, శిక్షణ లేనివాళ్లు, తక్కువ జీతానికి పనిచేసేవాళ్లు. రెండేళ్లకు ఆ బడుల పిల్లలు తెలుగులోనూ లెక్కల్లోనూ మిగతావాళ్లను స్పష్టంగా దాటిపోయారు. ఎక్కువ లాభపడింది ఒకటో తరగతిలో అడుగుపెట్టిన పిల్లలు, మారుమూల బడుల పిల్లలు. రెగ్యులర్ టీచర్ల గైర్హాజరు 27 శాతం ఉంటే, వీళ్లది 18 శాతం. ఈ గణాంకాన్ని టీచర్లను తిట్టడానికి వాడుకోవడం తేలిక. నేను దానిలో చూసేది వేరు: గదిలో ఇంకో మనిషి ఉంటే, ఆ మనిషికి టీచరు శిక్షణ లేకపోయినా, చిన్నపిల్లలకు మేలు జరిగింది. పైన వేసిన లెక్కలో రెండు గంటలు మూడయితే ఏమవుతుందో చూపించిన ప్రయోగం ఇది.

ఇంకో ప్రయోగంలో పిల్లల ఫలితాలను బట్టి టీచర్లకు బోనస్ ఇచ్చారు. మార్కులు పెరిగాయి. టీచర్ల గైర్హాజరు మాత్రం తగ్గలేదు. వచ్చిన రోజుల్లో చేసే పని మారింది: అదనపు తరగతులు, ఇంటిపని, సాధన. బోనస్ పద్ధతిని నేను సమర్థించడం లేదు. హాజరును ముఖం చూసి పట్టుకునే యంత్రాల మీద మనం పెట్టుకున్న ఆశ మాత్రం ఈ ఫలితం ముందు నిలవదు.

మూడోది గుడివాడ వాళ్లు తప్పక తెలుసుకోవలసింది. 180 గ్రామాల్లో లాటరీ తీసి కొందరు పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు వోచర్లు ఇచ్చారు. నాలుగేళ్ల తర్వాత పరీక్షిస్తే తెలుగు, లెక్కల్లో వాళ్లకూ ప్రభుత్వ బడిలో ఉండిపోయినవాళ్లకూ తేడా లేదు. హిందీలో ప్రైవేటు పిల్లలు ముందున్నారు. ఆ బడులు తెలుగు, లెక్కలకు తక్కువ సమయమిచ్చి, మిగిలింది ఇతర సబ్జెక్టులకు పెట్టాయి. పైగా అక్కడి టీచరు జీతం ప్రభుత్వ టీచరు జీతంలో ఆరో వంతు కూడా లేదు. గుడివాడ చుట్టుపక్కల పల్లెల్లో పొద్దున్నే పసుపు వ్యాను ఎక్కే పిల్లలు పెరుగుతున్నారు. అప్పు చేసి ఫీజు కట్టే తల్లిదండ్రుల్ని ఇంగ్లీషు మోజు అని ఎద్దేవా చేసేవాళ్లతో నేను ఏకీభవించను. వాళ్లు కొంటున్నది చాలావరకు ఒకటే: తరగతికో గది, గదికో టీచరు. తమ ఊరి బడిలో అది ఉండి ఉంటే ఎంతమంది వ్యాను ఎక్కించేవాళ్లు?

తేడా లేదన్నంత మాత్రాన ప్రభుత్వ బడి బాగున్నట్టు కాదు. దేశవ్యాప్తంగా గ్రామీణ పిల్లల్ని ఇంటింటికీ వెళ్లి పరీక్షించే అసర్ సర్వే ప్రకారం 2022లో ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి వాచకం చదవగలిగినవాళ్లు 16.3 శాతం. 2024లో 23.4 శాతం. పెరిగింది, సంతోషం. నూటికి 76 మందికి పైగా ఇంకా చదవలేకపోతున్నారు. కేంద్ర ప్రభుత్వ నిపుణ్ భారత్ పథకం 2026-27 నాటికి మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లవాడూ అర్థం చేసుకుంటూ చదవాలంటుంది. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న దూరం చాలా పెద్దది.

పద్ధతుల విషయంలో మనకు కొరత ఎప్పుడూ లేదు. నలభై ఏళ్లుగా ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉన్నాయి. 1980లలో బ్రిటిష్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం వచ్చింది. పాత టీచర్లు ఇప్పటికీ ఎపెప్ అని తలుచుకుంటారు. కృత్యాలు, జట్టుపని, చుట్టూ ఉన్న వస్తువులతో పాఠం, పిల్లల పని గోడమీద ప్రదర్శించడం ఆ పథకం నేర్పినవే. ఆ తర్వాత జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డీపీఈపీ), భాషాభివృద్ధి కార్యక్రమాలు, రిషివ్యాలీ బహుళ తరగతి పద్ధతి ఒరవడిలో స్నేహబాల కార్డులు. వీటిలో రిషివ్యాలీ పద్ధతి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అప్పటి చిత్తూరు జిల్లా పల్లెల్లోని చిన్న బడుల కోసం పుట్టిన ఆ పద్ధతిలో పిల్లవాడు తన కార్డు తనే తీసుకుని, తన మెట్టు తనే ఎక్కుతాడు. టీచరు ఒకేసారి అందరికీ చెప్పాల్సిన అవసరం తగ్గుతుంది. వీధిబడి దగ్గరున్న జవాబుకు, బెత్తాన్ని తీసేసి, ఆడపిల్లలకూ అన్ని కులాల పిల్లలకూ తలుపు తెరిచి, కొత్త రూపమిచ్చిన పద్ధతి అది. రాష్ట్రమంతా దాన్ని కార్డుల పెట్టెలుగా పంచారు. కార్డులు చేరినంత వేగంగా ఆ తీరు చేరలేదు. అలవాటు పడేలోపు ఇంకో పథకం వచ్చింది. అంగలూరు డైట్ లాంటి సంస్థ చేయవలసిన పని ఇక్కడే ఉంది: ఏ పద్ధతైనా సరే, జిల్లాలో ఒక ఇరవై చిన్న బడుల్లో ఐదేళ్లు వదలకుండా నడిపి, ఏం నిలిచిందో ఏం నిలవలేదో రాసిపెట్టడం.

కట్టడాల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2019 నవంబరు 14న మొదలైన, బడులను బాగుచేసే నాడు-నేడు పథకంతో ప్రహరీ, మరుగుదొడ్లు, ఫ్యాన్లు, రంగులు వచ్చిన బడుల్ని చూస్తే సంతోషమే. ఆడపిల్ల బడికి రావడానికి మరుగుదొడ్డి ఎంత అవసరమో తెలిసినవాళ్లెవరూ దాన్ని తక్కువ చేయరు. ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ 2019 చివర వచ్చిన ఉత్తర్వులు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేయడం, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుతో వచ్చిన పుస్తకాలు అందరికీ తెలిసినవే. తెలుగు పేజీ చదవలేని పిల్లవాడు ఇంగ్లీషు పేజీ కూడా చదవలేడు. రాష్ట్రం రెండుగా చీలి వాదించుకున్న ఆ కాలమంతా ఈ చిన్న సంగతి పక్కన పడి ఉంది.

నిజంగా బోధన సమయాన్ని కదిపింది 2022 జూన్‌లో వచ్చిన 117 నంబరు జీవో. మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని కిలోమీటరు లోపున్న ఉన్నత పాఠశాలలకు తరలించి, అక్కడ సబ్జెక్టు టీచర్లతో చెప్పించాలన్నారు. ఆ ఆలోచనలో ఒక న్యాయం ఉంది. ఐదు తరగతులకు ఇద్దరు టీచర్లన్న లెక్కను మార్చే ప్రయత్నమే అది. అమలు మాత్రం మ్యాపు మీద జరిగింది. డెల్టాలో కిలోమీటరంటే మధ్యలో కాలువ, వంతెన, లారీలు తిరిగే రోడ్డు, ఊరికీ పేటకూ మధ్య పాత ఎడం. ఎనిమిదేళ్ల పిల్లల్ని అంత దూరం ఒంటరిగా పంపలేక కొందరు కాన్వెంటుకు మార్చారు. మిగిలిన ఒకటి, రెండు తరగతుల బడిలో చాలాచోట్ల ఒక్కరే టీచరు. ఆ టీచరు సెలవు పెడితే బడి మూతే. 2025లో ఆ జీవోను పక్కన పెట్టి, తరగతికో టీచరు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలల నమూనా తెచ్చారు. అదే ఏడాది 16,347 టీచరు పోస్టులతో మెగా డీఎస్సీ జరిగి, సెప్టెంబరులో నియామక పత్రాలిచ్చారు. దిశ సరైనదే. అయితే తగినంతమంది పిల్లలున్న ఊళ్లకే తరగతికో టీచరు దక్కుతారు. ఇరవై, ముప్పై మందితో నడిచే తీరపు బడి మళ్లీ పాత లెక్కలోనే మిగులుతుంది. మూడేళ్లలో రెండుసార్లు బడి అమరిక మారితే, 2022లో ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడికి నాలుగో తరగతికి వచ్చేసరికి ఎంతమంది టీచర్లు మారి ఉంటారో ఊహించుకోవచ్చు.

బందరు, గుడివాడ, దివిసీమల తేడా ఇక్కడే తేలుతుంది. గుడివాడ బడికి ఉన్న బెడద పిల్లలు వ్యానెక్కి వెళ్లిపోవడం. మిగిలేది కూలీల పిల్లలు, వలస వచ్చినవాళ్ల పిల్లలు. వాళ్ల తరఫున గట్టిగా అడిగే తల్లిదండ్రులు బడి కమిటీలో కరువవుతారు. బందరులో ఇల్లే పనిచోటు. రోల్డ్‌గోల్డ్ నగలకు రాళ్లు అతికే ఇళ్లలో, పక్కనే పెడన కలంకారీ పనుల్లో పెద్దవాళ్ల చేతులకు తీరిక ఉండదు. ఇంటి దగ్గర కూర్చోబెట్టి చదివించేవాళ్లుండరు. ఆ పిల్లవాడికి చదువంటే బడిలో జరిగినదే.

దివిసీమ కష్టం వేరు. 1977 నవంబరు 19 ఉప్పెన వేల ప్రాణాలు తీసిన నేల అది. ఆ తర్వాత ఈ తీరంలో గట్టి కట్టడం అంటే ఒకటే భవనం: పొద్దున బడి, తుఫానునాడు తలదాచుకునే చోటు. ఒకే భవనాన్ని రెండింటికీ వాడాలన్న నిర్ణయం సరైనదే, దానివల్ల ప్రాణాలు దక్కాయి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి రికార్డు స్థాయిలో 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు కిందికి వచ్చినప్పుడు లంక ఊళ్లు మునిగాయి. అలాంటప్పుడు గదుల్లో మనుషులు, సామాన్లు, తర్వాత బురద, బ్లీచింగు. పుస్తకాలు తడిసిపోతాయి. అధికారికంగా ఇచ్చే సెలవులు కొద్ది రోజులే. బడి మళ్లీ పాఠం అందుకోవడానికి పట్టే రోజులు ఏ లెక్కలోనూ ఉండవు. ఎదురుమొండి దీవులకు, ఈలచెట్లదిబ్బకు వెళ్లే టీచరు పంటు మీదో పడవ మీదో ఏరు దాటాలి. గాలి లేస్తే పడవ కదలదు. ఇక్కడ గైర్హాజరును బద్ధకంగా రాసుకునే యాప్ అబద్ధం చెబుతున్నట్టే.

పోస్టులన్నీ నిండేదాకా ఆగక్కర్లేని పనులున్నాయి. అన్నిటికన్నా ముందు, ఎంత చిన్న బడైనా ఒకటి, రెండు తరగతులకు విడిగా ఒక మనిషి కావాలి. ఆ రెండేళ్లూ ఆ మనిషి మారకూడదు. అక్షరం పట్టుబడిన పిల్లవాడికి రాత అయిపోయాక పుస్తకం తీసి చదువుకునే పని దొరుకుతుంది. పట్టుబడనివాడికి పక్కవాణ్ణి గిల్లడమే మిగులుతుంది. మూడో తరగతి గోలను ఒకటో తరగతిలోనే ఆపవచ్చని టీచర్లకు చెప్పనక్కర్లేదు, వాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. బదిలీలు వేసవిలోనే ముగియాలి. నెలకోసారి ప్రతి పిల్లవాడూ పుస్తకం గట్టిగా చదువుతుంటే టీచరు పక్కన కూర్చుని వినాలి, ఆ రోజు ఏం చదివాడో తేదీ వేసి రాయాలి. ఇంత ముఖ్యమైన ఈ ఒక్క సంగతి మన రిజిస్టర్లలో ఎక్కడా లేదు. 2024 డిసెంబరు నుంచి రాష్ట్రమంతా ఒకే రోజున జరుగుతున్న మెగా తల్లిదండ్రుల సమావేశాల్లో ఆటలు, ముగ్గులు, భోజనాల మధ్య ఆ పేజీ తీసి తల్లికి చూపించే పది నిమిషాలు దొరకవా?

ఎదురుమొండి, ఈలచెట్లదిబ్బ, కోడూరు తీరపు పల్లెలకు మాత్రం వేరే ఏర్పాటు కావాలి. అక్కడ ఇంటరో డిగ్రీయో చదివి ఊళ్లోనే ఉన్న ఆడపిల్లలు, కోడళ్లు ఉన్నారు. వాళ్లలో ఒకరిని బడికి వాలంటీరుగా తీసుకుని, అంగలూరులో ఒక నెల, ఆ తర్వాత ఏటా వేసవిలో కొన్ని వారాలు శిక్షణ ఇచ్చి, సరైన జీతంతో ఒకటో తరగతి అప్పగించాలి. ఏరు దాటాల్సిన అవసరం ఆమెకు ఉండదు, గాలివాన రోజున కూడా బడి తెరుస్తుంది. రెగ్యులర్ టీచరు వచ్చిన రోజున పై తరగతులు తెగకుండా నడుస్తాయి. జిల్లా మొత్తం మీద ఇలాంటి బడుల జాబితా మండల విద్యాధికారుల దగ్గర పేర్లతో సహా ఉంది. వచ్చే జూన్ 12న బడి గంట కొట్టేలోపు ఆ జాబితాలో ఊరికొక మనిషిని పెట్టడం జిల్లా యంత్రాంగం చేయగలిగిన పనే.